పేరు వెయ్యని వాచీ

నాకు ఈత రాదు. అయినా సముద్రంలో మూడు వందల మీటర్ల లోతుకి దిగినా ఆగకుండా నడిచే వాచీ కోసం తొమ్మిదేళ్ళు కాళ్ళరిగేలా తిరిగాను. బెంగళూరులో అంత లోతు నీళ్ళు వానాకాలంలో అండర్‌పాసుల కింద తప్ప ఇంకెక్కడున్నాయని హూడిలో మా ఆఫీసువాళ్ళు నన్ను ఏడిపించేవాళ్ళు. ఏడిపించనీ. వాళ్ళ కార్లు ఆ అండర్‌పాసుల్లోనే మునిగి ఆగాయి, నా వాచీ నడుస్తూనే ఉంది.

ఈ పిచ్చి నాకెందుకు పట్టిందో చెప్పాలంటే మా నాయిన గురించి చెప్పాలి. మా నాయిన పేటలో, అంటే ఊళ్ళోని పాత బజారులో, ఒక స్టీలు పాత్రల అంగడిలో నలభై ఏళ్ళు పేర్లు చెక్కాడు. అంగడి ఆయనది కాదు. గుమ్మం పక్కన మూడడుగుల చోటు, ఒక పీట, ఒక కరెంటు మిషను, అంతే ఆయన రాజ్యం. అక్కడ కొన్న గిన్నె, చెంబు, టిఫిన్ క్యారియరు ఏదైనా సరే, ఆయన ముందు ఆగి జుర్రుమంటూ చుక్కలు చుక్కలుగా పేరు వేయించుకుని పోవాల్సిందే. తెలుగు, కన్నడం, తమిళం, ఇంగ్లీషు ఆయనకు వచ్చు. ఉర్దూ అయితే వాళ్ళు రాసిచ్చింది చూసి బొమ్మ గీసినట్టు దించేసేవాడు. బళ్ళో నాకు కన్నడం నేర్పారు, ఇంగ్లీషు నేర్పారు. తెలుగు అక్షరాలు మాత్రం బడి వదిలాక ఆయన పక్కన కూర్చుని చెంబుల మీద నేర్చుకున్నాను. ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలన్నీ ఆ అంగడి గుమ్మం దగ్గరివే.

ఆయనకు పట్టింపులు ఎక్కువ. ఎంత తెలిసినవాళ్ళైనా నోటితో చెబితే పేరు వెయ్యడు, కాగితం మీద వాళ్ళ చేత్తో రాసివ్వాలి. క్యారియర్లో అన్నం పెట్టుకొచ్చి అలాగే పేరు వెయ్యమంటే, తిని కడుక్కుని రమ్మని వెనక్కి పంపేవాడు. నిండు గిన్నె మీద మిషను పెట్టకూడదట, లోపలున్నదానికి అదురు తగులుతుందట. పెళ్ళిసామానైతే కాగితం మీద ఇద్దరి పేర్లూ ఉండాలి. ఒక్క పేరుతో వచ్చిన పెళ్ళివాళ్ళని మొహమాటం లేకుండా రెండో పేరు తెచ్చుకోమనేవాడు.

అలాంటి మనిషి ఇంట్లో గరిటెకి కూడా ఆయన పేరుంటుంది కదా. ఉంది. అటక మీది సామానుకి తప్ప. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఆయన ఒక్కొక్కటిగా ఏరి తెచ్చిన పెళ్ళిసామాను అది. బిందెలు, డబ్బాలు, పళ్ళేలు, ఇడ్లీ పాత్ర, అన్నీ గోనెపట్టాలో కట్టి పైన పెట్టాడు. రెండో పేరు తెలిశాక వెయ్యచ్చని ఆగాడు. రెండో పేరు రాలేదు. నేను రానివ్వలేదు అనడం న్యాయం. దాని గురించి నాకు దిగులు లేదు. అమ్మ పదేళ్ళు పోరింది, ఏడ్చింది, చివరికి అలిసిపోయి ఊరుకుంది. నాయిన ఒక్క మాట అనలేదు. ఇప్పుడు నాకు నలభై ఆరు.

వాచీ సంగతికొస్తే, మొదటిసారి దాన్ని మా ఆఫీసుకి వచ్చిన ఒక పెద్దాయన చేతికి చూశాను. మీటింగులో ఆయన ఏం చెప్పాడో ఇప్పటికీ తెలీదు. నా చూపంతా ఆ స్టీలు మీదే. ఒక వైపు సన్నటి గీతలతో మసకగా ఉంది, దాని పక్క వైపు అద్దంలా ఉంది, ఆ రెండూ కలిసే చోట వెంట్రుకంత అంచు. మా నాయిన గిన్నె అంచు మీద గోరు నడిపించి స్టీలు మంచిదో కాదో చెప్పేవాడు. ఆ వాచీ అంచు మీద గోరు పెట్టాలని నా వేలు దురదపెట్టింది. పరాయి మనిషి చెయ్యి కాబట్టి ఊరుకున్నాను.

కొత్తది కొందామని షోరూముకి పోతే పేరు రాసుకుంటామన్నారు. రాసుకున్నారు, మరిచిపోయారు. ఏడాదికోసారి వెళ్ళి గుర్తు చేస్తే ఏడాదికోసారి నవ్వు ముఖం పెట్టి మళ్ళీ రాసుకున్నారు. విసుగొచ్చి, ఎవరో కట్టుకుని అమ్మేసినదే కొంటానని ఇంట్లో చెప్పాను.

అమ్మ గుండె పట్టుకుంది. "అంత దుడ్డు పెట్టి ఎవురో కట్టి విడిచింది కొంటావేమే? చచ్చినోడిదేమో!"

నేను అసలు ధరలో ఒక సున్నా తీసేసి చెప్పినందుకే ఈ గోల.

నాయిన మాత్రం నా పక్షాన నిలబడ్డాడు. "ఎవురు కట్టి విడిస్తే ఏమి? స్టీలే కదా, కడిగితే పోతాది. పేరు వేస్తే మనది అవుతాది" అని తేల్చేశాడు. తర్వాత నా వైపు తిరిగి, "వెనకపక్క ఎంత వెడల్పు ఉండాది?" అని అడిగాడు. నేను ఫోన్ చూసుకుంటూ, "పది రూపాయల బిళ్ళ కన్నా కొంచెం పెద్దది నాయినా" అన్నాను. ఎందుకు అడిగాడని ఆలోచించలేదు.

ఆయన చేతి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఏడేళ్ళ కిందట అంగడివాళ్ళు కంప్యూటర్ మిషను తెచ్చారు. అప్పటికే ఆయన కుడి చెయ్యి వణుకుతోంది. నలభై ఏళ్ళు మిషను అదురుని పట్టుకున్న చెయ్యి, మిషను వదిలేశాక కూడా అదురుతూనే ఉండిపోయింది. కాఫీ లోటా నిండా పోస్తే సగం చొక్కా మీద. రెండేళ్ళ కిందట, చేతికి ఏదో ఒక పని పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. ఆయనకు తెలిసిన పని ఒక్కటే. అంగడి నుంచి తెచ్చుకున్న పాత మిషను బయటికి తీసి, ఒక సొట్టల పళ్ళేన్ని బోర్లించి, రోజూ మధ్యాహ్నం అక్షరాలు వెయ్యడం మొదలుపెట్టాడు. మొదట్లో గీత కూడా నిలవలేదు. ఏడాది తర్వాత ఒక "క" తిన్నగా వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పాయసం. వాచీ కొంటానని నేను చెప్పిన తర్వాత మాత్రం ఆ పళ్ళెం ఎవరికీ చూపించడం మానేశాడు. "చెయ్యి కుదిరినాక చూపిస్తా" అనేవాడు. సెలవురోజు మధ్యాహ్నాలు వసారాలోంచి ఆ జుర్రు జుర్రు వినిపిస్తుంటే నాకు హాయిగా నిద్ర పట్టేది.

ఆరు నెలలు వెతికాక నాకు కావలసిన వాచీ ఇందిరానగర్‌లో ఒక మేడ మీద గదిలో దొరికింది. అమ్మేవాడు గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి, మాటల్లో సగం ఇంగ్లీషు. చేతులకు తొడుగులు వేసుకుని, ట్రేలో వాచీలు తెచ్చి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు వరసగా పెట్టాడు. "దీంట్లో తేదీ ఉండాదా?" అని నేనడిగితే పెదవి బిగపట్టి నవ్వాడు. మా బెంగళూరు తెలుగు వింటే అటువైపువాళ్ళకి అదొక వినోదం. నాకు ఒళ్ళు మండింది కానీ వాచీ వాడి దగ్గర ఉంది, నా దగ్గర లేదు.

"ఇది అన్‌పాలిష్డ్ పీస్ మేడమ్. ఎవ్వరూ మెరుగు పెట్టలేదు. బాక్స్, పేపర్స్ అన్నీ ఉన్నాయి. ఫస్ట్ ఓనర్ డాక్టరు గారు, చాలా కేర్‌ఫుల్‌గా వాడారు."

భూతద్దం ఇవ్వబోయాడు. నాకు అక్కర్లేదని చెప్పి గోరు తీశాను. తొమ్మిదేళ్ళ దురద. అంచు మీద మెల్లగా పై నుంచి కిందికి నడిపించాను. ఎక్కడా జారలేదు, ఎక్కడా మొద్దుబారలేదు. పట్టీ లింకుల్ని వేళ్ళ మధ్య సాగదీసి చూశాను, బిగువుగా ఉన్నాయి. వాడి నవ్వు ఆగిపోయింది. "మేడమ్, మీరు ఈ లైన్‌లో ఉన్నారా?" అని అడిగాడు. పాత్రల లైనులో అన్నాను. నమ్మలేదు.

పక్కన అదే రకం వాచీ ఇంకొకటి, చాలా తక్కువ ధర చీటీతో ఉంది. ఏం లోపమని అడిగాను. తిప్పి చూపించాడు. వెనక మూత మీద ఇద్దరి పేర్లు, ఒక పెళ్ళిరోజు.

"పేరుంటే వాల్యూ పోతుంది మేడమ్. వేరేవాళ్ళ పేరు ఎవరు కట్టుకుంటారు? ఎన్ని నెలల నుంచో అలాగే పడుంది."

నేను గబుక్కున నా వాచీ తిప్పి చూసుకున్నాను. మూత నున్నగా, ఖాళీగా ఉంది. ప్రాణం లేచొచ్చింది. ఆ గుంటూరు మనిషి మాట అప్పుడే నా చెవిలో ఇల్లు కట్టుకుందని నాకు తెలీదు.

ఇంటికి తెచ్చేసరికి మధ్యాహ్నం మూడు. అమ్మ డబ్బాకి పసుపు కుంకుమ పెట్టింది, పోయిన ఆసామి ఎవరైనా అంటుకుని ఉంటే వదిలిపోవాలని. నాయిన కళ్ళజోడు తుడుచుకుని, వాచీని ఎడమ చేత్తో తీసుకున్నాడు. ఎడమ చెయ్యి వణకదు. అంచు మీద గోరు పెట్టాడు. పై నుంచి కిందికి, సరిగ్గా నేను నడిపించినట్టే. "మంచి స్టీలమ్మా" అన్నాడు. నలభై ఏళ్ళలో ఆయన ఆ మాట ఎన్ని గిన్నెల గురించి అన్నాడో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. నాకు గాల్లో తేలినట్టయింది.

తర్వాత వాచీ తిప్పాడు. "పేరు లేదే. కాగితం మీద రాసియ్యి, రేపు ఆదివారం కదా, వేస్తా."

నేను ఆయన చేతిలోంచి వాచీని లాక్కున్నాను. లాక్కున్నాననే చెప్పాలి, ఇంకో మాట లేదు. "అయ్యో నాయినా, దీని మీద పేరు వేస్తే విలువ పోతాది!"

"పేరు వేస్తే విలువ పోతాదా?"

కోపంగా అడగలేదు. ఎప్పుడూ వినని సంగతి విన్నవాడిలా అడిగాడు.

"అవు నాయినా. పేరు ఉండేది ఎవురూ కొనరంట."

"మళ్ళా అమ్మేస్తావా?"

"అమ్మను."

"మరి?"

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. "నీకు తెలీదులే నాయినా, ఇదేమన్నా చెంబా!" అన్నాను.

అమ్మ కుంకుమ భరిణె మూత పెట్టడం మానేసి నన్ను చూసింది. నాయిన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "సరేమ్మా" అని లేచి వసారాలోకి పోయాడు. నోరు జారిందని నాకు అప్పుడే తెలుసు. వెనకాలే పోయి ఒక మాట చెప్పి ఉంటే సరిపోయేది. నేను పోలేదు. వాచీ పట్టీ నా మణికట్టుకి సరిపోతుందో లేదో చూసుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు ఆదివారం. వసారాలో చప్పుడు లేదు. నిద్ర పట్టక లేచి చూస్తే ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని వీధిలోకి చూస్తున్నాడు. మిషను కనబడలేదు. సోమవారం కూడా లేదు, ఆ వారమంతా లేదు. ఎందుకు మానేశావని అమ్మ అడిగితే చెయ్యి నొప్పి అన్నాడట. నాతో మామూలుగానే మాట్లాడాడు. తిన్నావా, బస్సు దొరికిందా, మెట్రోలో రష్షా అని. అదే ఎక్కువ బాధ. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలని తేల్చుకునేదాన్ని.

అంత ఆశపడ్డ వాచీ కూడా నాకు సుఖమివ్వలేదు. టైపు చేసేటప్పుడు గీత పడుతుందని తీసి డ్రాయరులో పెట్టేదాన్ని. మెట్రోలో కడ్డీ పట్టుకుంటే ఆ చేతిని చున్నీలో చుట్టుకునేదాన్ని. వాచీ బాగుందని ఎవరైనా అంటే, ముందు సంతోషం కాకుండా, ముట్టుకుంటారేమోనని భయం. నా సొంత వస్తువుకి నేనే కాపలాదాన్నయ్యాను. రేపు కొనబోయే ఎవడో మనిషి కోసం ఈరోజు దాన్ని శుభ్రంగా దాచిపెడుతున్నట్టు ఉండేది.

మూడో ఆదివారం అమ్మ వంటింట్లో పాత సామాను మూట కడుతోంది. పాత సామాను తీసుకుని కొత్త సామాను ఇచ్చే మనిషి వీధి చివరికి వచ్చాడట. మూటలో ఆ సొట్టల పళ్ళెం కనిపించింది.

"అది నాయినది కదమ్మా?"

"ఆయనే ఇంక వద్దన్నాడు. వేసెయ్యమన్నాడు." అమ్మ పళ్ళెం తీసి నా చేతిలో పెట్టింది. "వేసే ముందు నువ్వొకసారి చూడు, ఏముండాదో."

బోర్లా తిప్పాను. పై వరసల్లో తెగిపోయిన గీతలు. వాటి కింద అ, ఆలు, కాళ్ళు విరిగినవి. ఆ తర్వాత పాయసం వండించిన "క". దాని కింద నుంచి పళ్ళెం చివరి దాకా ఒకటే మాట. నా పేరు. మూడక్షరాలు. మొదటి వరసలో తాగినవాడు నడిచినట్టు ఉంది, నాలుగో వరసకి కాస్త నిలబడింది, పోనుపోను చిన్నదవుతూ, కుదురుతూ వచ్చింది. అంచు దగ్గర పది రూపాయల బిళ్ళ పెట్టి గీసిన గుండ్రాలు ఏడెనిమిది ఉన్నాయి. బిళ్ళ కన్నా కొంచెం పెద్దవి. వాటిలో ఒక్కోదాని మధ్యలో నా పేరు, కందిగింజంత అక్షరాల్లో.

"వాచీ తెస్తానని నువ్వు చెప్పిన కాడి నుంచీ అదే పని" అంది అమ్మ. "పేటలో ఎవురెవురి బిడ్డలకో వేసినా, నా బిడ్డకు వెయ్యలేదే అనేవాడు."

నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, పళ్ళెం పట్టుకుని వంటింటి గట్టు దగ్గర నిలబడి బాగా ఏడ్చాను. ఊరంతటి పేర్లు చెక్కిన మనిషి, ఇరవై నాలుగేళ్ళు అటక వైపు చూస్తూ ఒక పేరు కోసం ఆగాడు. ఆ పేరు రాదని తెలిశాక కూడా నన్ను ఒక్క మాట అనలేదు. నేను నా సంపాదనతో ఇంటికి తెచ్చిన మొదటి స్టీలు వస్తువు ఈ వాచీ. దాన్ని నేను ఆయన చేతిలోంచి లాక్కున్నాను.

ముఖం కడుక్కుని, ఒక కాగితం మీద నా పేరు రాసుకుని, వాచీ తీసుకుని వసారాలోకి పోయాను. రెండూ ఆయన ఒళ్ళో పెట్టాను.

ఆయన కాగితం చూశాడు, వాచీ చూశాడు. "వద్దమ్మా. విలువ పోతాది."

"పోనీ నాయినా. అమ్ముకునేదానికా కొన్నా?"

"చెయ్యి నమ్మకం లేదు. ఖరీదైన వస్తువు."

"నువ్వే వెయ్యాల. కంప్యూటరు మిషను కాడికి పోమంటావా నన్ను?"

అది తగిలింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని వాచీని చెవి దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు విన్నాడు. "లోపల తిరగతా ఉండాది. నిండు గిన్నె ఇది, మూత మీద మిషను పెట్టకూడదు. పట్టీ వేరుగా వస్తాదా?"

వస్తుంది. అమ్మినవాడు ఇచ్చిన చిన్న పనిముట్టుతో పట్టీ విప్పి ఇచ్చాను. పట్టీ కొక్కెం లోపలి వైపు, మణికట్టుకి ఆనుకునే చోట, చిటికెన వేలి గోరు కన్నా కొంచెం పొడుగైన జాగా ఉంది. మంచం కింది నుంచి మిషను తీశాడు. మోకాలి మీద గుడ్డ, గుడ్డ మీద చెక్క, చెక్క మీద కొక్కెం. ఎడమ చేత్తో కుడి మణికట్టుని గట్టిగా పట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళు నేను ఆశపడ్డ స్టీలు మీదికి ఆ సూది దిగుతుంటే అసలు ధరలోని సున్నాలన్నీ నాకు గుర్తుకి రాలేదని అబద్ధం చెప్పను.

మొదటి అక్షరం తిన్నగా వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడో అక్షరం చివర చెయ్యి ఒక్కసారి అదిరి, ఒక చుక్క పక్కకి పోయింది. మిషను ఆపేశాడు. ఆయన ముఖం వాడిపోయింది.

"పోయిందమ్మా."

కొక్కెం తీసుకుని వెలుతుర్లో పెట్టి చూశాను. మూడక్షరాలూ, తోవ తప్పిన ఒక చుక్కా. పట్టీ తగిలించి, వాచీ చేతికి పెట్టుకుని బిగించాను. అక్షరాల గరుకు మణికట్టు లోపలి చర్మానికి తగిలింది.

"ఇంక ఎవురూ కొనరు నాయినా. నాది అయింది" అన్నాను.

ఆయన నవ్వలేదు. నా రాతలో ఉన్న కాగితాన్ని ఇంకోసారి చదివాడు, పేరు పెట్టింది తనే అయినా. దాన్ని మడిచి జేబులో పెట్టుకోలేదు, మిషను పక్కన పరిచి పైన కళ్ళజోడు డబ్బా బరువు పెట్టాడు. తర్వాత తల ఎత్తి వంటింటి అటక వైపు చూశాడు.

"నిచ్చెన తీసుకురా. ఆ సామానంతా దించు."

"అంతానా నాయినా? దేనికి?"

"ఒక పేరు చాల్లే" అన్నాడు.

నేను నిచ్చెన కోసం పెరట్లోకి పోయాను.